టబ్బులో వేసిన థైరాయిడ్ మాత్ర

మా అత్తకు థైరాయిడ్ ఉందని తేలిన రోజే ఆ మాత్ర మీద ఆమెకు అనుమానం మొదలైంది. ఆత్మకూరులో డాక్టరు రిపోర్టు చూసి, "గ్రంథి సరిగ్గా పనిచేయడం లేదమ్మా. రోజూ పరగడుపున ఒక మాత్ర వేసుకోవాలి, ఆపకూడదు" అన్నాడు. ఎన్నాళ్లని అత్త అడిగితే "ఎప్పటికీ" అన్నాడు. ఇంటికి తిరిగొచ్చే బస్సు మర్రిపాడు దాటింది. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే, "చచ్చేదాకా కొనిపించే మందంటే నాకు నమ్మకం లేదు" అంది.

ఆమె ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైంది. పిల్లలు చెప్పే సాకులు వినీ వినీ, ఎవరేం చెప్పినా ఒకసారి మొహంలోకి చూడడం అలవాటైపోయింది. ఉదయగిరి ఇంట్లో ఆమే, నేనే. మా ఆయన ఉద్యోగం నెల్లూరులో, వారానికోసారి వచ్చేవాడు. నేను రోజూ బస్సులో ఆత్మకూరు పోయి డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని.

అక్టోబరు వానలకు మా వీధి చివరి కాలవలో తోక కప్పలు పడ్డాయి. టాడ్‌పోల్ అని పుస్తకాల్లో రాసేవి అవే. క్లాసులో చూపిద్దామని కొన్ని తెచ్చి పెరట్లో ప్లాస్టిక్ టబ్బులో వేశాను. ఒకదాన్ని గాజు గ్లాసులోకి తీసి పైకెత్తితే, పొట్ట చర్మం కింద దాని పేగు దోమలబత్తి చుట్టలాగా కనబడింది. అత్త కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"ఇంత చిన్నదానికి అంత పేగా?"

"ఇప్పుడు నాచు తింటుంది కదత్తా, అరగడానికి పొడుగు పేగు కావాలి. కప్పయ్యాక పురుగులు తింటుంది. అప్పుడు పొట్టి పేగు చాలు."

"మరి ఈ చుట్ట ఏమైపోతాది?"

"కరిగిపోతుంది. థైరాయిడ్ హార్మోను కరిగిస్తుంది. మీ మాత్రలో ఉండేది అదే."

ఆమె గ్లాసు వైపు ఇంకాసేపు చూసి లోపలికెళ్లిపోయింది. నాకు బస్సు టైమైంది. మిగతా సగం చెప్పనేలేదు.

డిసెంబరుకు అత్త మారిపోయింది. మధ్యాహ్నం ఎండలో కూడా శాలువా కప్పుకునేది. చలికాలం కదా అనుకున్నాను. గొంతు బొంగురుపోయింది, మొహం ఉబ్బింది. కూర్చున్నచోటే కునికిపాట్లు. ఆదివారం చర్చిలో పాట మధ్యలో ఆపేసి కూర్చుండిపోయింది. కడుపు కదలడం లేదని చెప్పడానికి సిగ్గుపడి, చివరికి చెప్పింది. మళ్లీ రక్తపరీక్ష చేయిస్తే మొదటిసారికంటే అధ్వానంగా వచ్చింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "మాత్రలు వేసుకుంటున్నారా?" అన్నాడు.

వేసుకుంటూనే ఉంది. రోజూ నా ఎదురుగానే నోట్లో వేసుకుని నీళ్లు తాగేది. షీట్లు ఖాళీ అవుతున్నాయి. అంటే మాత్రల్లోనే ఏదో ఉంది. నకిలీ మందుల వార్తలు టీవీలో చూస్తూనే ఉన్నాం. మేము కొనే మెడికల్ షాపతను షీటు కత్తిరించి ఇచ్చేటప్పుడు బ్యాచ్ నంబరున్న ముక్క ఎప్పుడూ తన దగ్గరే ఉంచుకునేవాడు. అంతవరకూ పట్టించుకోని ఆ సంగతి ఇప్పుడు నాకు పెద్దదిగా కనబడింది. పోయి నిలదీశాను.

"ఊరంతా నా దగ్గరే కొంటారు మేడమ్. మీ అత్త ఒక్కామెకే దొంగ మందు ఇస్తానా?" అన్నాడు. డబ్బా తీసి చూపించాడు. అయినా నాకు నమ్మకం కుదరలేదు.

మందులు పరీక్షించే ల్యాబు నాకెక్కడ దొరుకుతుంది? కానీ కాలవలో ఆలస్యంగా పుట్టిన తోక కప్పలు ఇంకా ఉన్నాయి. ఒకే వయసువి ఏరి తెచ్చి రెండు టబ్బుల్లో వేశాను. రెండింటిలోనూ కాలవ నీళ్లే. అత్త షీటులోంచి ఒక మాత్ర తీసి నూరి, ఒక టబ్బులో కొంచెం కొంచెంగా కలిపాను. మాత్ర అసలైనదైతే అవి తొందరగా కప్పలవడం మొదలుపెడతాయి, సుద్దముక్కయితే ఏ మార్పూ రాదు. షాపతని మీద ఫిర్యాదు ఎవరికివ్వాలో కూడా కనుక్కుని పెట్టుకున్నాను.

వారం తిరిగేసరికి మాత్ర కలిపిన టబ్బులో వెనక కాళ్లు సాగాయి. పొట్టలు లోపలికి పోయి, దోమలబత్తి చుట్టలు సగానికి సగం చిక్కాయి. రెండో టబ్బులోవి మాత్రం లావు పొట్టలతో నాచు కొరుక్కుంటున్నాయి. మాత్ర మంచిదే. కానీ నాకు సంతోషం కలగలేదు. ఎందుకంటే ఇక అనుమానించడానికి ఇంట్లో ఒక్కరే మిగిలారు.

మరుసటి ఉదయం అత్త మాత్ర వేసుకుని నీళ్లు తాగింది. నేను బాత్రూముకు పోతున్నట్టు పోయి పెరటి తలుపు పక్కన నిలబడ్డాను. ఆమె పెరట్లోకి వచ్చి, అటూ ఇటూ చూసి, బుగ్గన దాచుకున్న మాత్రను బట్టలుతికే బండ పక్కన ఉమ్మేసి, పైన చెంబెడు నీళ్లు పోసింది. తిరిగి చూస్తే నేనున్నాను.

"నా మీద నిఘా పెట్టినావా?" అంది.

"ఎందుకు ఉమ్మేస్తున్నారత్తా?"

ఆమె చెంబు కింద పెట్టింది. తర్వాత టబ్బు వైపు వేలు చూపించింది. "నువ్వే చెప్పినావు గదా, పేగులు కరిగిస్తాదని. ఆ మాట విన్నాక రెండ్రోజులు వేసుకునేసరికి నాకు కడుపులో గుడగుడలాడింది. నీకు చెప్తే నవ్వుతావని చెప్పలా."

నేను నవ్వలేదు. బండ మీద ఆమె పక్కన కూర్చుని ఆ రోజు చెప్పని సగం చెప్పాను. "పాత పేగు లోపలి పొర చచ్చి రాలిపోతుంది, నిజమే. కానీ అందులో కొన్ని కణాలు చావవు. అదే హార్మోను తగిలి అవి మూలకణాలుగా మారతాయి. అవి పెరిగి పెరిగి ముడతలు ముడతలుగా కొత్త పొర కడతాయి. పడగొట్టేదీ అదే, కట్టించేదీ అదే. మన పేగు మనం పుట్టే రోజులకే తయారైపోయింది. మీ మాత్ర మీ గ్రంథి చేయలేని పనిని భర్తీ చేస్తుంది, అంతే."

"కట్టిందని నీకెట్ట తెలుసు? లోపలికి పోయి చూసినావా?"

"స్లైడుల్లో చూశాను."

"నేను చూళ్లా" అంది. "టబ్బులోది కప్పయి, తిని అరిగించుకోనీ. అప్పుడు మింగతా."

ఆ రోజుల్లో నేను పడిన భయం మామూలుది కాదు. పేగు మారేటప్పుడు అవి ఏమీ తినవు. అత్త పొద్దున్నా సాయంత్రం టబ్బు దగ్గర పీట వేసుకుని, "ఇయాళ కూడా తిన్లా" అనేది. నేను వేసిన మోతాదు ఎక్కువై రెండు చచ్చిపోయాయి. అత్త వాటి వైపు చూసి నా వైపు చూసింది. మిగిలినవాటికి ముందుకాళ్లు వచ్చాయి, తోకలు కుదించుకుపోయాయి. టబ్బులో ఒక రాయి పెట్టి, పైన దోమతెర కప్పి, కుళ్లిన అరటితొక్క ఉంచాను. తొక్క చుట్టూ సన్నటి ఈగలు చేరాయి.

ఒక సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి అత్త పీట మీద ముందుకు వంగి ఉంది. "మాట్లాడబాక" అని చెయ్యి ఊపింది. రాయి మీద గోరంత కప్ప. ఈగ దగ్గరికొచ్చింది. కప్ప కదిలింది, ఈగ లేదు.

"మింగింది" అంది అత్త. "అరగనీ చూద్దాం."

మరుసటి ఉదయం రాయి మీద నల్లటి చిన్న రెట్ట కనబడింది. అత్త దాన్ని పుల్లతో కదిపి చూసింది. చేతులు కడుక్కుని లోపలికొచ్చి మాత్ర అడిగింది. మింగి, బడిపిల్లలాగా నోరు తెరిచి, నాలుక ఎత్తి నాకు చూపించింది.

వేసవి మొదలయ్యేనాటికి మొహంలో వాపు దిగింది, గొంతు తేటపడింది. రక్తపరీక్ష బాగానే వచ్చింది. నేను షాపతనికి ఆ మాట చెబితే తలూపాడు గానీ, ఆ తర్వాత ఎప్పుడు మందు కొన్నా షీటు మొత్తం నా ముందు పెట్టి, బ్యాచ్ నంబరు నన్నే చదవమనేవాడు.

కప్పల్ని మాత్రం అత్త నాకు చెప్పకుండానే వదిలేసింది. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చేసరికి రెండు టబ్బులూ బోర్లించి ఉన్నాయి.

"కాలవలో విడిచినాను" అంది. "నువ్వు ఊరికే ఉండవు. ఇంకేదో మాత్ర నూరి పోస్తావని భయమేసింది."