పీడీ మేడం సున్నం చల్లించిన రోజు

"మేడం పోయిందే" అని జనగామ నుంచి నా స్నేహితురాలు ఫోన్లో చెప్పినప్పుడు, "ఎటు పోయింది?" అని అడిగాను. మహదేవపూర్‌లో నేను పాఠం చెప్పే జూనియర్ కాలేజీ వరండాలో, చేతిలో చాక్‌పీసుతో నిలబడి, నిజంగానే అలా అడిగాను. అవతలి నుంచి ఏడుపు వినిపించింది. అప్పుడు గాని ఆ మాటకు ఇంకో అర్థం ఉందని నాకు తట్టలేదు.

భూపాలపల్లిలో, పొద్దున బడి మైదానంలో, పిల్లలను వరుసగా నిలబెట్టి విజిల్ నోట్లో పెట్టుకుని అక్కడికక్కడే కూలిపోయిందట. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. గుండె ఆగిందన్నారు. అరవై కూడా నిండలేదు. ముందురోజు సాయంత్రమే నాతో మాట్లాడింది. "ఎండలు ముదురుతున్నయి, నీళ్లు తాగుతున్నవా లేదా?" అని అడిగింది. తాగుతున్నానని అబద్ధం చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ గొంతు ఇంకా చెవిలో ఉంది. మనిషి లేదంటే ఎట్లా నమ్మేది?

మీలో చాలామందికి ఆమె తెలియదు. ఎక్కడా ఆమె ఫొటో పడలేదు, ఆమెకు సన్మానం జరగలేదు. మా జనగామ డిగ్రీ కాలేజీలో ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టరు ఆమె. అందరికీ పీడీ మేడం. భూపాలపల్లి బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. నేత చీర కట్టి, కొంగు నడుముకు బిగించి, కింద తెల్ల క్యాన్వాస్ బూట్లు వేసుకునేది. కొంగు మూటలో ఎప్పుడూ వేయించిన పల్లీలు ఉండేవి. మాకు ఖోఖో నేర్పుతూ ఒక మాట అనేది. "ఉరుకుడు అందరికొస్తది. ముందు నిలబడుడు నేర్వుండ్రి." ఆటకు సంబంధించిన మాటే అనుకునేవాళ్లం.

నేను కురవి దగ్గరి తండా పిల్లను. ఇంట్లో లంబాడీ మాట్లాడుకుంటాం. తండా నుంచి డిగ్రీకి వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. అవి తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతున్న రోజులు. కాలేజీ సగం రోజులు బందే. తరగతి గదుల కంటే చౌరస్తా దగ్గరి దీక్షా శిబిరంలోనే ఎక్కువ ఉండేవాళ్లం. బతుకమ్మలు రోడ్డు మీదే ఆడాం, వంటలు రోడ్డు మీదే చేశాం. మా కామర్స్ సార్ ఆ శిబిరానికి గొంతు. ఆయన మైకు పట్టుకుంటే బస్సులు ఆపి మరీ వినేవారు. మా యాస మీద సినిమాల్లో నవ్విన వాళ్లను ఆయన కడిగేస్తుంటే నాకు ఒళ్లు పులకరించేది. ఆయనంటే నాకు దేవుడు.

ఒక సభ నుంచి కాలేజీ వ్యాన్లో తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం, ఎర్రటి ఎండ. ముందు సీట్లలో ఆడపిల్లలు నినాదాలు ఇస్తున్నారు. ఆయన వచ్చి వెనక నా పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత ఆయన చేతులు చేసిన పని ఇక్కడ రాయను. నేను కిటికీ ఊచను పట్టుకుని బిగుసుకుపోయాను. ముందు నుంచి "జై తెలంగాణ" అంటున్నారు. ఆయన కూడా నా చెవి పక్కనే, అదే గొంతుతో, జై అన్నాడు.

అప్పటి నుంచి నేను హాస్టల్ గదిలోంచి బయటికి రాలేదు. జ్వరమన్నాను. ఎవరికి చెబుతాను? చెబితే ఎవరు నమ్ముతారు? ఇంటికి తెలిస్తే చదువు ఆగిపోతుంది. తట్ట బుట్ట సర్దుకుని వెళ్లిపోదామనుకున్నాను.

పీడీ మేడం మనిషిని పంపి నన్ను మైదానానికి పిలిపించింది. ఒంటరిగా సున్నంతో ఖోఖో కోర్టు గీతలు గీస్తోంది. నా ముఖం వైపు చూడకుండానే కొంగులోంచి గుప్పెడు పల్లీలు తీసి చేతిలో పెట్టింది.

"ఏమైందని అడుగుత లేను బిడ్డా. కామర్సాయనేనా?" అంది.

పల్లీలు నేల మీద పడిపోయాయి. నోరు తెరవకముందే పేరు ఎట్లా తెలిసింది?

"నువ్వొక్కదానివి గాదు. పోయినేడు ఒక పిల్ల చదువిడిసి పోయింది. అప్పుడు నాకు సమజ్ గాలే. తర్వాత తెలిసింది." గీత పూర్తయ్యేదాకా గీసి, చేతులు దులుపుకుంది. "నువ్వు తప్పు చేసినట్టు తల దించుకోకు. నాతోని చెప్పుడు నీ ఇష్టం. చెప్పకున్నా నేను నీ దిక్కే ఉంట."

చెప్పాను. విన్నంతసేపు ఆమె నన్ను ముట్టుకోలేదు, ఓదార్చలేదు. చివరికి "ప్రిన్సిపాల్ కాడికి పోతున్న. నీ పేరు తియ్యను" అని మాత్రం అంది.

ప్రిన్సిపాల్ ఏమన్నాడో ఆమె తర్వాత మాకు చెప్పింది. "ఉద్యమం నడుస్తుంటె గివన్ని ఎందుకు మేడం? బయటపడితే ఎవలకు నష్టం? రాష్ట్రం రానియ్యుండ్రి, అప్పుడు చూద్దాం" అన్నాడట.

మరునాడు కాలేజీకి వచ్చిన ఆడపిల్లలందరినీ మేడం మైదానంలో నిలబెట్టింది. ఆటల గదిలోంచి సున్నం బస్తాలు తెప్పించి, తట్టల్లో పోయించింది.

"కాలేజంత తిరుగుండ్రి. ఏడికి పోవాలంటే మీ గుండె దడదడ అంటదో అక్కడ ఇంత సున్నం చల్లుండ్రి. పేర్లద్దు. కారణం చెప్పద్దు. ఎవ్వలు అడుగరు."

మొదట మా సీనియర్ అక్క తట్ట ఎత్తింది. తర్వాత ఒక్కొక్కరుగా అందరం కదిలాం. నేను వ్యాన్ మెట్టు మీద ఒక గుప్పెడు వేద్దామని వెళ్లాను. అక్కడ అప్పటికే సున్నం ఉంది. చూస్తుండగానే ఇంకో పిల్ల వచ్చి దాని మీద వేసి, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. ఆమె నాకు తెలుసు. రోజూ నా పక్కన కూర్చునే పిల్లే.

లైబ్రరీ వెనక సందులో, డాబా మీదికి వెళ్లే మెట్ల మీద, సైకిల్ స్టాండు మూలన, బాత్రూంలకు పోయే దారి పొడుగునా తెల్లగా అయింది. కామర్స్ స్టాఫ్‌రూం గడప దగ్గర సున్నం కుప్ప పడింది. అటెండరు అవ్వ చీపురు పట్టుకుని వచ్చి, ఆ కుప్పను చూసి, ఊడవకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ప్రిన్సిపాల్ అరుచుకుంటూ బయటికి వచ్చాడు. ఎటు అడుగు వేసినా సున్నమే. ఆయన నల్ల బూట్లు తెల్లబడ్డాయి. రెండేళ్లుగా నేను చదువుతున్న కాలేజీ ఇదేనా అని నేనూ నిలబడిపోయాను. నా ఒక్కదాని కథ అనుకున్నదాన్ని.

ఆ సాయంత్రం మేడం శిబిరానికి వెళ్లింది. వెనక మేమూ వెళ్లాం. శిబిరం పెద్ద, రిటైరైన ముసలి పంతులు, అందరూ బాపు అని పిలిచే మనిషి, కుర్చీలో ఉన్నాడు.

"రేపటి ఊరేగింపుకు మా ఆడపిల్లలు రారు బాపు" అంది మేడం.

"ఎందుకు బిడ్డా? ముందట నడిచేది వాళ్లే గదా."

"తెలంగాణ మాకు గూడ గావాలె. గని వ్యాన్ల భయపడుకుంట వచ్చి జై కొట్టుడు మాతోని గాదు. ఎందుకో ఎరుక కావాలంటె ఒక్కసారి కాలేజీకొచ్చి చూడుండ్రి."

కామర్స్ సార్ అక్కడే మైకు పక్కన ఉన్నాడు. ఆయన ముఖం పాలిపోవడం అందరికీ కనిపించింది. ఒక్క క్షణమే. వెంటనే మైకు అందుకుని, ఉద్యమాన్ని చీల్చడానికి అవతలివాళ్లు మన మధ్యకు మనుషులను పంపుతున్నారని మొదలుపెట్టాడు. చప్పట్లు కొట్టారు. అవి మా తోటి విద్యార్థుల చప్పట్లు.

మరునాడు చౌరస్తాలో మేడం దిష్టిబొమ్మ తగలబెట్టారు. గడ్డిబొమ్మకు చీర కట్టి, మెడలో ఈల వేశారు. ద్రోహి అన్నారు, ఇంకా అనరాని మాటలు అన్నారు. మేడం గుంపు మధ్యలోకి వచ్చి నిలబడింది. బొమ్మ కాలి ఒరిగేదాకా చూసింది. నిప్పు పెట్టిన విద్యార్థితో, "ఈల ఏశిండ్రు గని బూట్లు మరిచిండ్రు" అంది. అతను తల దించుకున్నాడు. మేం నవ్వబోయాం. పక్క హోటల్లో ఆమె కూర్చుని చాయ్ గ్లాసు అందుకున్నప్పుడు నవ్వు పోయింది. చాయ్ అంతా చీర మీద ఒలికింది. ఆమెకూ భయం వేస్తుందని నాకు అంతకుముందు తెలియదు. కొంగుతో తుడుచుకుని, "పోదాం పా. నీ ఇంట్ల ముందు మనమే చెప్పాలె. ఇంకెవలో చెప్పకముందు" అంది.

మానుకోటకు పోయే బస్సెక్కి, అక్కడి నుంచి మా తండాకు చేరాం. మా యాడి, అంటే అమ్మ, మిరప చేను నుంచి అప్పుడే వచ్చింది. మేడం దాచకుండా అంతా చెప్పింది. నేను గోడకు ఆనుకుని నేల చూస్తున్నాను. యాడి తెలుగులో, మేడంకు అర్థం కావాలని, మెల్లగా అడిగింది.

"ఆడు ఇంకా కాలేజీల ఉన్నడా?"

"ఉన్నడు."

"మరి నా బిడ్డ ఇంటికెందుకొచ్చింది?"

మేడం నా వైపు తిరిగింది. ఆమె కళ్లలో నీళ్లు నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ రాత్రి మా ఇంట్లో జొన్నరొట్టె తిని పడుకుని, పొద్దున నాతో పాటు యాడిని కూడా జనగామ తీసుకువచ్చింది.

మేం తిరిగి వచ్చేసరికి బాపు కాలేజీకి వచ్చి ఉన్నాడు. సున్నం ఇంకా అలాగే ఉంది. చేతికర్ర ఆనించుకుని గుర్తు గుర్తుకూ ఆగుతూ అంతా తిరిగాడు. కామర్స్ గది గడప దగ్గర కూలబడి, "ఇంతమందా?" అన్నాడు. ఆ పూట నుంచి శిబిరంలో ఆ సార్‌కు మైకు అందలేదు. యాజమాన్యం విచారణకు కూర్చోక తప్పలేదు. యాడి పక్కన ఉండగా నేను నోరు విప్పాను. నా తర్వాత నా పక్క బెంచీ పిల్ల, ఆమె తర్వాత ఇంకొందరు. ఆయనను పంపించేశారు.

మేడం అక్కడితో ఆగలేదు. మార్కుల పేరుతో ఆడపిల్లను ఒంటరిగా గదికి పిలవకూడదు. పిలిస్తే తలుపు బార్లా తెరిచి ఉండాలి. బయటి ప్రయాణాలకు ఆడ లెక్చరర్లు వెంట రావాలి. ఫిర్యాదు వినే కమిటీలో విద్యార్థినులు ఉండాలి. సందుల్లో దీపాలు వెలగాలి. వీటన్నింటికీ ఒప్పించేదాకా ఆమె ప్రిన్సిపాల్ గది ముందు నుంచి కదల్లేదు. మగపిల్లలను కూడా కూర్చోబెట్టి మాట్లాడింది. నిప్పు పెట్టిన విద్యార్థే తర్వాత కమిటీ పనులు చేశాడు. "జరిగినంక శిక్షేసుడు ఒక పని. జరగకుంట చూసుడు అసలు పని" అనేది మేడం.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. మరుసటి ఏడు యాజమాన్యం ఆమె ఉద్యోగాన్ని కొనసాగించలేదు. కారణం చెప్పలేదు. ఆమె తల్లి దగ్గరికి భూపాలపల్లి వెళ్లి ఒక చిన్న బడిలో చేరింది. రాష్ట్రం వచ్చిన రోజు నేను సంతోషంతో ఫోన్ చేశాను. అప్పటికే ఆమె టీవీలో చూసింది. ఒక వేదిక మీద, శాలువా కప్పుకుని, ఆ కామర్స్ సార్. ఇంకో ఊరికి పోయి నాయకుడయ్యాడు. ఆ సంగతి చెప్పి, ఆమే అంది. "రాష్ట్రమొచ్చింది బిడ్డా, సంబురం చేసుకో. వాని కోసం దాన్ని ఇడిసిపెట్టకు. అది మనది గూడ."

నేను లెక్చరరు ఉద్యోగంలో చేరిన వారమే ఆమె మహదేవపూర్ వచ్చింది. టీ కూడా తాగకుండా, ముందు మా కాలేజీ చుట్టూ తిరిగింది. "ఈ మెట్ల కాడ బుగ్గ లేదు. ఏపిచ్చు" అంది. అక్కడ బల్బు వేయించాను.

భూపాలపల్లి చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. బూట్లు లేని ఆమె పాదాలను మొదటిసారి చూశాను. చాలా చిన్న పాదాలు. తలాపున ఆమె తల్లి, ఎనభై దాటిన అవ్వ, ఏడవకుండా, జరిగింది ఇంకా తెలియనట్టు, బిడ్డ నుదుటి మీది వెంట్రుకలు సర్దుతోంది. జనగామ నుంచి, మానుకోట నుంచి, నర్మెట్ట నుంచి మేమంతా వచ్చాం. కొందరి వెంట పిల్లలు కూడా ఉన్నారు.

అప్పుడు గేటు ముందు రెండు కార్లు ఆగాయి. ఆయన దిగాడు. తెల్లబట్టలు, వెంట మనుషులు, ఒకరి చేతిలో ఫోన్ కెమెరా, ఆయన చేతిలో పెద్ద బంతిపూల దండ. ఇన్నేళ్ల తర్వాత కూడా వ్యాన్ కిటికీ ఊచ నా అరచేతిలో తగిలింది. ఎవరు ముందు లేచారో తెలియదు. లేచి చూసేసరికి గేటుకూ మేడంకూ మధ్య మేమంతా ఉన్నాం. ఆయన ఒక అడుగు ముందుకేశాడు. మేం జరగలేదు. ఆయన ఒక్కొక్క ముఖమూ చూశాడు. నా ముఖం దగ్గర ఆగి, చూపు తిప్పుకున్నాడు. దండను గోడ మీద పెట్టి, కారెక్కి వెళ్లిపోయాడు.

కాసేపటికి ఎక్కడి నుంచో ఒక మేక వచ్చి, ముందుకాళ్లు గోడకు ఆనించి, దండను కిందికి లాగింది. ఎవరో దాన్ని అదిలించబోయారు. అవ్వ బిడ్డ నుదుటి మీది చెయ్యి తీయకుండానే, "తిననియ్యి" అంది. ఎండలో మేక ఒక్కో బంతిపువ్వునూ తీరిగ్గా నములుతూ నిలబడింది.