మిల్లు గచ్చు మీద నా టెన్నిస్

మా అమ్మాయిని గుడివాడ క్లబ్బు వేసవి టెన్నిస్ శిబిరంలో చేర్పించింది నేనే. రెండో రోజుకే దానికి విసుగొచ్చింది. "ఎండగా ఉందమ్మా, నేనాడను" అని రాకెట్ నా ఒళ్లో పడేసి నీడలో కూర్చుంది. ఊరికే కూర్చోవడం చేతకాక నేను ఆ రాకెట్ పట్టుకుని కోర్టు పక్క గోడ దగ్గరికి వెళ్లాను. అవి తొంభైల చివరి రోజులు. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు.

బందరులో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ బాల్ బ్యాడ్మింటన్ జట్టులో ఆడేదాన్ని. ఉన్ని బంతి, తేలికైన బ్యాటు, పనంతా మణికట్టుదే. పెళ్లయి గుడివాడ వచ్చాక ఆ సంగతే మరిచిపోయాను. ఆ రోజు నేను గోడకి కొట్టిన టెన్నిస్ బంతి తిరిగొచ్చి భుజానికి ఠపీమని తగిలింది. నొప్పెట్టింది గానీ, మళ్లీ కొట్టాలనిపించింది. కొడుతూనే ఉన్నాను.

శిబిరం నడిపే మాస్టారు బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. కుర్రతనంలో మద్రాసులో ఆడారట. కాసేపు చూసి దగ్గరికొచ్చారు.

"ఇదివరకు ఏం ఆడేవారమ్మా?"

"బాల్ బ్యాడ్మింటనండీ."

"అదే అనుకున్నాను. బంతిని కొట్టట్లేదు, కోస్తున్నారు. రేపట్నించి పాపతో పాటు మీరూ రండి."

పాప మానేసింది. నేను మిగిలాను. వేసవి అయిపోయాక కూడా పొద్దున్నే వెళ్లేదాన్ని. చీరలో మొదలుపెట్టి, చుడీదార్లోకి, ఆ తర్వాత ట్రాక్ ప్యాంటులోకి వచ్చాను. ఏడాది తిరిగేసరికి క్లబ్బులో మగవాళ్లను కూడా పరుగెత్తిస్తున్నాను. అప్పుడు మాస్టారితో నా మనసులో మాట చెప్పాను.

"ప్రైజ్ మనీ టోర్నమెంట్లు ఆడాలనుందండీ. సరదాకి కాదు, వృత్తిగా."

ఆయన నవ్వలేదు. "ఈ వయసుకి చాలామంది ఆట ముగించుకుని ఇంటికెళ్తారమ్మా. మీరేమో బయల్దేరతానంటున్నారు."

"వద్దంటారా?"

"వద్దనట్లేదు. ఓడిపోవడం అలవాటు చేసుకుని వెళ్లండి."

మా ఆయన రైస్ మిల్లులో మేనేజరు. ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ ఆయనతోనూ చెప్పాను.

"ఆడితే డబ్బులిస్తారా?"

"గెలిస్తే ఇస్తారు."

"ఓడితే?"

"మన ఖర్చులు మనవే."

"సర్లే, ఈ మిల్లు వ్యాపారమూ అంతేగా" అన్నారు. పెరుగన్నం తిని లేచిపోయారు.

క్లబ్బు కోర్టు సాయంత్రాలు సభ్యులది. నాకేమో రెండు పూటలా సాధన కావాలి. ధాన్యం రాని నెలల్లో మిల్లు వెనక వడ్లు ఆరబోసే సిమెంటు గచ్చు ఖాళీగా ఉంటుంది. యజమానిని అడిగి మా ఆయన దాన్ని ఇప్పించారు. కోడూరులో ఉన్న స్నేహితుడి దగ్గర్నుంచి పాత చేపల వల ఒకటి తెచ్చి రెండు గుంజలకి కట్టారు. ఎండు చేపల వాసన పోవడానికి చాలా రోజులు పట్టింది. గీతలు గీయడానికి మా అత్తగారు ముందుకొచ్చారు. తాడు పట్టి ముగ్గు పిండితో చకచకా గీసేశారు. చివర్లో చెయ్యి ఊరుకోక ఒక మూల చిన్న పద్మం కూడా వేశారు.

అత్తగారి పుట్టిల్లు ఘంటసాల ఊళ్లో, వ్యవసాయ కుటుంబం. నాకు ఎదురు బంతులు వేసే మనిషి లేకపోతే ఆవిడే స్టూలు వేసుకుని కూర్చున్నారు, పక్కన బంతుల బక్కెట్టుతో.

"ఎటు వెయ్యమంటావే?"

"ఎడమ వైపు అత్తయ్యా."

కుడి వైపుకి విసిరి నవ్వేవారు. అదేంటని అడిగితే, "ముందే చెప్పేస్తే ఇంకా ఆటేముంది?" అనేవారు.

మొదటి టోర్నమెంటు విజయవాడలో. పేరు నమోదు చేసే బల్ల దగ్గర ఒకాయన మర్యాదగా, "పేరెంట్స్ అటువైపు కూర్చోవాలండీ" అన్నారు. ఆడేది నేనే అంటే తలెత్తి చూసి, "సారీ మేడమ్" అని కుర్చీ చూపించారు. నా ప్రత్యర్థి పదో తరగతి పిల్ల. ఒక్క గేమూ ఇవ్వకుండా నన్ను ఓడించి, చెయ్యి కలుపుతూ "థాంక్యూ ఆంటీ" అంది. గుడివాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఉయ్యూరు దాకా ఏడ్చాను. తర్వాత ఆకలేసింది.

అలా రెండు మూడేళ్లు ఊరూరా తిరిగి ఓడిపోయాను. క్వాలిఫయింగ్ రౌండ్లు, అంటే అసలు పోటీలోకి వెళ్లడానికి ముందు ఆడేవి, వాటిలోనే నా కథ ముగిసేది. కానీ ఓడినా నేను గెలిచే గేములు పెరుగుతూ వచ్చాయి. వాళ్లంత బలంగా కొట్టలేనని తెలిశాక మాస్టారు కొట్టడం మాన్పించేశారు. "మీ కోత బంతి మీకుంది. అది పైకి లేవదు. వాళ్లని వంగనివ్వండి" అన్నారు.

విశాఖపట్నం టోర్నమెంటుకి వెళ్లినప్పుడు అత్తగారు కూడా వస్తానన్నారు, సముద్రం చూడొచ్చని. మా బందరు సముద్రం బురదగా ఉంటుందని ఆవిడకి చిన్నచూపు. ఆఖరి క్వాలిఫయింగ్ మ్యాచ్ మిట్టమధ్యాహ్నం పెట్టారు. ఎదుటి అమ్మాయి బెంగుళూరు నుంచి వచ్చింది. మొదటి సెట్టు ఆమె తీసుకుంది. రెండో సెట్టులో ఆ ఉక్కపోతకి ఆమె తువ్వాలు వదలలేకపోయింది. నాకది మా మిల్లు గచ్చు కంటే నయంగానే ఉంది. ప్రతి బంతీ కోసి నేల మీద జారేలా వేశాను. ఆమె వంగి వంగి విసిగిపోయింది. రెండో సెట్టు నాది. మూడో సెట్టులో ఆమె కొట్టిన ఒక బంతి నెట్టులో పడింది. నేను స్కోరు మరిచిపోయి తర్వాతి పాయింటుకి నా చోటుకి నడుస్తున్నాను. ఎదుటి అమ్మాయి నెట్టు దగ్గర చెయ్యి చాపి నిలబడి ఉంది. అప్పుడర్థమైంది గెలిచానని.

గొడుగు కింద జంతికలు తింటున్న అత్తగారి దగ్గరికి వెళ్లాను.

"అప్పుడే అయిపోయిందా?" అన్నారు.

"గెలిచాను అత్తయ్యా."

ఆవిడ జంతికల డబ్బా పక్కన పెట్టి, కొంగుతో నా మొహం తుడిచారు. చాలాసేపు తుడిచారు. అక్కడున్నది చెమట ఒక్కటే కాదు.

మర్నాడు అసలు పోటీలో గంటలోపే ఓడిపోయాను. అయినా మొదటి రౌండు ఆడినందుకు నా పేరు మీద చెక్కు వచ్చింది. మా ఆయన దాన్ని వారం రోజులు బ్యాంకులో వెయ్యనివ్వలేదు. మిల్లుకి వచ్చిన ప్రతి రైతుకీ చూపించారు. ఒక పెద్దాయన తిరగేసి చూసి, "మా కోడలు ఇంట్లో అంతకంటే ఎక్కువే పరిగెడుతుందండీ, దానికెవరూ ఇవ్వరే" అన్నారట.

ఇంకో రెండేళ్లు ఆడాను. అసలు పోటీలోకి మరో రెండుసార్లు వెళ్లాను. ఆ తర్వాత మోకాలు మొరాయించింది. ఏడుస్తాననుకున్నాను గానీ ఏడవలేదు. కోచింగ్ కోర్సు పూర్తిచేసి, రోజూ గుడివాడ నుంచి వెళ్లొస్తూ బందరులో ఒక క్లబ్బులో కోచ్‌గా చేరాను. పిల్లలకి సాయంత్రం, ఆడవాళ్లకి ఉదయం.

ఆడవాళ్ల బ్యాచ్‌కి మొదటిరోజు ఒక్కావిడే వచ్చారు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగల పని చేస్తారట. నలభై దాటాయి. గేటు దగ్గరే ఆగి, "నాకీ వయసులో వస్తుందంటారా మేడమ్?" అని అడిగారు.

"ఆ గాజులు తీసి సంచిలో పెట్టుకుని రండి, చూద్దాం" అన్నాను.

గాజులు తీయడానికే ఆవిడకి కొంచెం సేపు పట్టింది. ఈలోగా నేను బంతులు బక్కెట్టులోకి ఒంపాను.