చేపల కూర పట్టుకొని కోటగుట్టకు

“రేపు చేపల కూర వండుతవా?” అన్నాడు మా ఆయన.

“గీ కరువుల చేపలేడియి? దొరికితె తెస్త తియ్, పండుకో,” అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. తెల్లారేసరికి మనిషి లేడు. కోటగుట్ట కింద బొందలగడ్డలో పూడ్చిపెట్టాం. మూడోరోజు అక్కడే కోడికూర, అన్నం పెట్టి పిట్టముట్టుడు చేస్తే, పొద్దు నెత్తిమీదికొచ్చినా కాకి ముట్టలేదు. కోరిక తీరని మనిషి అన్నం కాకి ముట్టదంటారు మాలో. తర్వాత డ్యామ్ కట్టారు. ఊరు, బొందలగడ్డ అన్నీ మునిగిపోయి, గుట్ట ఒక్కటే నీళ్ళ మధ్య దీవిలాగా మిగిలింది. ఇప్పుడు దాని మీద రిసార్టు పెట్టి పడవలు నడుపుతున్నారని విన్నాను. చేపల కూర వండి టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాను.

కోరుట్లలో ఏడింటికి వేములవాడ బస్సెక్కాం, నేనూ నా మేనకోడలు సుజాతా. ఆడవాళ్ళకు టికెట్ లేదు గాని ఆధార్ కార్డు చూపించాలి, పోయేవాళ్ళు మరవొద్దు. చందుర్తిలో ఎక్కినామె ముక్కు మూసుకుంది.

“ఏందక్కా, రాజన్న దేవుని కాడికి నీసు కూర కొంచవోతున్నవా?”

“రాజన్నకు గాదు, మా ఆయనకు.”

“ఏడుంటడు?”

“నీళ్ళల్ల.”

ఆమె నవ్వబోయి ఆగింది. సంచి జరుపుకొని నా పక్కనే కూర్చుంది.

వేములవాడ నుంచి ఆటో, పదిన్నరకు పడవ. నడిపే మల్లేశం మా ఊరివాడే, వరసకు అల్లుడు. కోట ఏ రాజు కట్టించాడో బోర్డు మీద ఉందని సుజాత చదివింది. మేమైతే ఆ గోడల మధ్య మేకలు తోలేవాళ్ళం, మిరపకాయలు ఎండబోసేవాళ్ళం. ఇప్పుడు గడ్డి, గొడుగులు, కుర్చీలు. గాలి మంచిదే. పొద్దంతా కూర్చున్నా లేవమనేవాళ్ళు లేరు.

పడమటి బురుజు కింద, నీళ్ళకు దగ్గరగా, మోదుగాకు విస్తరిలో అన్నం, కూర పెట్టాను. బీడీ ఒకటి అంటించి పక్కన ఉంచి దూరం జరిగాను. మధ్యాహ్నం దాటింది. కొంగలు వచ్చాయి, కాకి రాలేదు.

ఊడ్చే ఆమె బుట్టతో వచ్చింది. “ఎత్తెయ్యాల్నా అమ్మా?”

“జర ఆగు. కాకి రావాలె.”

“ఎంతసేపు సూసినా గింతే. ఊరుంటెనే గద కాకులుండేది!”

నేనే విస్తరి ఎత్తుకున్నాను.

నాలుగింటికి తిరుగు పడవ. బురుజును బట్టి బొందలగడ్డ ఎక్కడో నాకు తెలుసు. అక్కడికి రాగానే, “జర ఆపు మల్లేశం,” అన్నాను.

“నడిమిట్ల ఆపద్దు అత్తా, నా నౌకరి పోతది,” అంటూనే ఇంజను తగ్గించాడు.

విస్తరి నీళ్ళ మీద వదిలాను. చేపలు గుంపుగా లేచి మెతుకు మిగల్చకుండా మింగేశాయి. ఆయన అడిగిన నాడు ఒక్కటి దొరకలేదు. ఇప్పుడు ఆయన మీద ఇన్ని.

“ముట్టినట్టేనా?” అని అడిగాను. మల్లేశం ఇంజను పెంచాడు. సుజాత నా చేయి పట్టుకుంది.

బస్సులో ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. చూడదగ్గ చోటే, చూసి రండి. మా ఊరోళ్ళు మాత్రం కాకి కోసం చూడకండి.

సుజాతా, రాసుడు అయిందా బిడ్డా? ఏదీ, మొదటికెల్లి సదువు. ‘తెస్త’ అన్నకాడ జర గట్టిగ సదువు, ఆయన ఇననీ.