పేరు లేని వైపు

తిరువూరులో విజయవాడ బస్సు కోసం చూస్తూ, కత్తులు నూరే సాయిబుగారి బల్ల మీద ఆ మడతచాకు చూశాను. గేదె కొమ్ము పిడి, రెండు కొసలకూ చెరో బ్లేడు, అచ్చుగుద్దినట్టు ఒకేలా. ఆయన దాన్ని మడిచి వేలి మీద అడ్డంగా పెడితే తక్కెడలా కదలకుండా నిలిచింది.

“నేనే చేశానండి,” అన్నారు.

కొన్నాను. అంతటితో ఊరుకోక, పిడి మీద ఒక కొసన నా పేరు చెక్కమన్నాను.

“వద్దండి. చెక్కితే ఆ వైపు తేలికైపోద్ది.”

“పర్లేదు, చెక్కండి. బస్సొచ్చేస్తుంది.”

ఆయన చెక్కారు. కత్తి కదా, చేతికివ్వకుండా బల్ల మీదే పెట్టారు. ఈసారి మాత్రం వేలి మీద నిలబెట్టి చూపించలేదు.

ఇంటికొచ్చాక ఆ పని నేనే చేశాను. చాకు నా పేరు లేని వైపుకు ఒరిగిపోయింది.