బాయిలో దిగినాయన

తప్పులు రాస్తానేమోనని ముందే భయంగా ఉంది, ఏమనుకోకండి. నా చదువు ఐదుతోనే ఆగింది. ఎవరో రాసిచ్చింది చూసి షాపు బోర్డులు రాస్తాను గానీ, సొంతంగా రాయడం ఇదే మొదలు.

మాది కాకినాడ వైపు. బొమ్మలు, కొండలెక్కడం నా పిచ్చి. మొన్న హిమాలయాల్లో ఒక కొండెక్కి, ఇంటికి పోకుండా నేరుగా గోదావరిఖనిలో గోడబొమ్మల పనికి బయల్దేరాను. కొండ మీద నుంచి ఫొటో పంపినప్పటి నుంచీ మా ఆవిడ ఫోన్ ఎత్తడం లేదు. పుట్టింటికి పోయిందేమోనని నా భయం.

మంచిర్యాలలో రైలు దిగి ఎక్కిన బస్సులో పక్కన కూర్చున్న అక్క పల్లీలు తింటూ, "మా ఆయన పొద్దుగాల్నే బాయిల దిగిండు" అంది.

బావిలో పడ్డాడనుకుని నేను లేచి నిలబడ్డాను. "అయ్యో! ఎవరైనా పైకి తీశారా అక్కా?"

బస్సంతా నవ్వింది. "బాయంటే బొగ్గు గని తమ్మీ! షిఫ్టు అయినంక ఆయనే ఎక్కుతడు."

సిగ్గుపడుతూ నా గొడవ చెప్పుకున్నాను.

"మా ఆయన 'ఎక్కిన' అని ఫోన్ జేస్తెనే నాకు బువ్వ దిగుతది. నువ్వు గుట్ట దిగినవని ఆమెకు ఎవలు చెప్పాలె?"

నిజమే, చెప్పనేలేదు. వెంటనే "దిగానే" అని మెసేజీ పెట్టాను. క్షణంలో ఫోన్ మోగింది.

"దిగారా? పైనున్న మనిషిని తిడితే కాలు జారుద్దని ఇన్నాళ్లూ ఆగాను. ఇప్పుడు వినండి!"

గోదావరిఖని వచ్చేదాకా విన్నాను. అందుకే, ఇందులో తప్పులుంటే మీరైనా తిట్టకుండా క్షమించండి.