గరాజు గోడ మీద ‘ఎ’, ‘దా’

చనిపోయినవాళ్ళు తిరిగొస్తారని నేను నమ్మను. మావాళ్ళలో ఎవరైనా పోతే కార్డు మీద ‘ప్రభువునందు నిద్రించారు’ అని అచ్చు వేయిస్తాం. నిద్రపోయినవాళ్ళు లేచి వచ్చి కారు స్టీరింగు పట్టుకు లాగరు. ఈ మాట ఆ చలికాలమంతా నాకు నేను చెప్పుకున్నాను. కొన్నిసార్లు పైకే చెప్పాను, హీటరు మోతను మించిన గొంతుతో.

ఆ కారు మా ఆయనది. డెట్రాయిట్ కార్ల కంపెనీ జీతం తింటూ జర్మన్ కారు కొనటమంటే, చర్చి సంఘపెద్ద మొక్కు తీర్చుకోవటానికి కొండెక్కినట్టే. ఆఫీసు పార్కింగులో తోటి ఇంజనీర్లు ఏమంటారోనని, డెట్రాయిట్ పక్కన ట్రాయ్ ఊరి చలిలో అందరికంటే దూరంగా కంచె పక్కన పెట్టి నడిచి వెళ్ళేవారు. నాలుగు తలుపులుంటాయి, చూడటానికి బుద్ధిగా సంసారపక్షంగా ఉంటుంది, తొక్కితే మాత్రం ఎగిరిపోతుంది. ఇంజను బలమంతా వెనక చక్రాలకే. ఎండాకాలం సుఖంగానే ఉండేది. మంచు పడితే వెనకభాగం తనకు తోచిన దారిన పోయేది.

డెబ్భైల చివర్లో, దాన్ని కొన్న సంవత్సరం, అక్టోబరు నెలంతా మా భోజనాల బల్ల మీద టైర్ల కేటలాగులే. ఒక శనివారం సంఘంలోని రెండు కుటుంబాలు భోజనానికి వచ్చినా అవి లేవలేదు. పులుసు గిన్నె వాటి మీదే పెట్టాను.

“నాలుగూ మంచు టైర్లే వెయ్యాలి,” అన్నారాయన.

“నాలుగెందుకండీ, అందరూ వెనక రెండే వేస్తారు,” అన్నాడు వచ్చినాయన.

“తోసేది వెనకయ్యే, నిజమే. తిరగాల్సింది, ఆగాల్సింది ముందయ్యి కదా? పైగా ఈ వెడల్పు చక్రాలు తీసేసి, అంగుళం చిన్నవి, మామూలు ఇనప చక్రాలు పెట్టి, సన్న టైర్లు ఎక్కించాలి.”

“అంత షోకిలా కారుకి కొంగ కాళ్ళు పెడతారా?” అన్నాను నేను.

ఆయనకు ఉత్సాహం వచ్చింది. “వెడల్పుది మంచు మీద తేలుద్ది. సన్నది కోసుకుని కిందకి దిగి రోడ్డు అందుకుంటది. మా గిత్తల్ని చూసేవా? గిట్ట సన్నం. ఎంత బురదయినా సరే, కింద గట్టి నేల తగిలిందాకా...”

“అయిపోయింది, మళ్ళీ పశువుల కొట్టంలోకి వెళ్ళిపోయారు. మీరు ఇంజనీరింగు చదివింది కాలేజీలోనా, కొట్టంలోనా?”

అందరూ పగలబడి నవ్వారు. ఆయన కూడా నవ్వారు. నేను గుంటూరు టౌనులో ఇంగ్లీషు లెక్చరరు కూతుర్ని. ఆయనది కృష్ణ ఒడ్డున రైతుల ఇల్లు. ‘తేలుద్ది’, ‘అందుకుంటది’ అన్న మాటలు వినపడితే చాలు, నా చేతికి ఎర్ర సిరా కలం వచ్చేసేది. ఆ రాత్రి తర్వాత ఆయన మా ఇంట్లో ‘తేలుతుంది’ అనటం మొదలుపెట్టారు. గిత్తలు, గిట్టలు, దూడలు ఆయన నోటి నుంచి మళ్ళీ వినలేదు. మనిషి బాగుపడ్డాడనుకుని సంతోషించాను.

టైర్లు మాత్రం తను అనుకున్నవే కొన్నారు. నాలుగు నల్ల ఇనప చక్రాలు, వాటికి నాలుగు సన్న టైర్లు. ఏప్రిల్‌లో వాటిని విప్పి గరాజు గోడకి ఆనించి, ఒక్కోదాని పైన గోడ మీద సుద్దముక్కతో గుర్తు రాశారు: ఎ ము, ఎ వె, దా ము, దా వె. ఆ సుద్దముక్క నేను సండే స్కూలు పిల్లలకు అ ఆలు నేర్పే డబ్బాలోంచి దొంగిలించింది. రేడియల్ టైరు ఒక వైపు తిరగటానికి అలవాటు పడితే దాన్ని రెండో వైపు వేయకూడదని ఆయన నియమం. ఆ కాలంలో చాలామంది ఇంజనీర్లు అదే చెప్పేవారు. ఆ అక్షరాలేమిటని నేను ఏనాడూ అడగలేదు. చక్రాలు ఆయన శాఖ.

ఐదో ఏడు ఆగస్టులో, ఆఫీసులో డ్రాయింగు బల్ల ముందు నిలబడినవారు నిలబడినట్టే కూలిపోయారు. గుండె. హాస్పిటల్‌కి నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

నవంబరు వచ్చింది. నేను కౌంటీ లైబ్రరీలో పనిచేసేదాన్ని. పొద్దున్నే పదకొండేళ్ళ మా అమ్మాయిని స్కూల్లో దింపి పద్దెనిమిది మైళ్ళు వెళ్ళాలి. సంఘంలో అందరూ ఒకే మాట మీదున్నారు: “ఆ కారు అమ్మెయ్యండి అక్కయ్యా. ఆడవాళ్ళు మంచులో నడిపే బండి కాదది.” ‘ఆడవాళ్ళు’ అన్న ముక్క వినపడగానే ఆ కారును ఎవరికీ అమ్మనని తేల్చేసుకున్నాను.

గరాజులోకి వెళ్ళి గోడ ముందు నిలబడ్డాను. ‘ము’ ముందు, ‘వె’ వెనక. ‘ఎ’ ఎడమ. ‘దా’ దగ్గర కాస్త ఆగాను. పెళ్ళికి ముందు ఆయన ఆరేళ్ళు బీహారులో ఉద్యోగం చేశారు. హిందీలో ‘దాయా’ అంటే కుడి. సగం తెలుగు, సగం హిందీ. “ఇదండీ మీ తెలుగు!” అని గోడకి చెప్పి, చక్రాలకు ఇంగ్లీషులో చీటీలు కట్టి, రెండు డిక్కీలో, రెండు వెనక సీట్లో వేసుకుని టైర్ల షాపుకి వెళ్ళాను.

షాపతను మొదట వెడల్పాటి కొత్త టైర్లు చూపించాడు, ఈ కారుకి ఈ సన్నవి ఏం బాగుంటాయి అని. వెడల్పుది మంచు మీద ఎలా తేలుతుందో, సన్నది ఎలా కోసుకుని దిగుతుందో పావుగంట చెప్పాను. ఎద్దు గిట్ట సంగతి కూడా చెప్పాను. కొంగ కాళ్ళని నేను వెక్కిరించవచ్చు, ఊళ్ళోవాళ్ళు వెక్కిరిస్తే ఊరుకుంటానా? తర్వాత అతను ముందు టైరు మీద అరచెయ్యి అటూ ఇటూ నిమిరి, “ఇవి అటుది ఇటు కట్టినట్టున్నారు మేడమ్. అరిగిన తీరు చూస్తే ఇది కుడివైపుదిలా ఉంది,” అన్నాడు.

“మా ఆయన ఆటోమొబైల్ ఇంజనీరు. తన చేత్తో రాసి పెట్టారు. నాకు చదవటం వచ్చు.”

అతను రెండు చేతులూ పైకెత్తి, చీటీల ప్రకారమే బిగించాడు. గెలిచాను.

ఇంటికి వస్తుంటే స్టీరింగు కుడివైపుకి లాగింది.

గట్టిగా కాదు. పక్క సీట్లో ఎవరో కూర్చుని, నాకు కోపం రాకుండా, రెండు వేళ్ళతో తన వైపుకి తిప్పుకున్నట్టుంది. వదిలితే మెల్లగా అటే పోతుంది, సరిచేస్తే ఒప్పుకుంటుంది, మళ్ళీ మొదలుపెడుతుంది. ఆయన వాదించే తీరు అచ్చంగా అదే. నేను పెద్ద గొంతుతో పది కారణాలు చెబితే సరేననేవారు, అరగంట తర్వాత మళ్ళీ అక్కడికే వచ్చేవారు. కొత్తగా చక్రాలు బిగిస్తే కొన్నాళ్ళు అలాగే ఉంటుందేమో అనుకున్నాను. డిసెంబరు వచ్చింది. లాగుతూనే ఉంది. చక్రాలు సన్నగా మూలుగుతున్నాయి కూడా, మూసిన గదిలో ఎవరో తమలో తాము పాడుకుంటున్నట్టు.

నేను జవాబివ్వటం మొదలుపెట్టాను. “చూస్తున్నానండీ, ఎర్ర లైటు కనపడుతోంది.” “ఈ దారి నాకు తెలుసు, మీరు చెప్పక్కర్లేదు.” లైబ్రరీలో జరిగినవన్నీ చెప్పేదాన్ని. ఆయన బతికున్న రోజుల్లో అన్ని మాటలు ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడానంటే సరిదిద్దటానికే.

“మమ్మీ, హూ ఆర్ యూ టాకింగ్ టు?” అంది ఒకరోజు మా అమ్మాయి వెనక సీట్లోంచి.

“స్టీరింగుతో. కుడికి లాగుతోంది.”

“డాడీ పుల్ చేస్తున్నాడా?”

“పిచ్చి మాటలు మాట్లాడకు. మనలో అలాంటివి లేవు.”

ఆ రోజు నుంచి అది కారెక్కేటప్పుడు ముందు సీట్లోకి రమ్మన్నా వెనకే కూర్చునేది.

జనవరిలో ఒక ఆదివారం. నెలకోసారి ఒక అమెరికన్ చర్చి కింది హాల్లో మా తెలుగు ఆరాధన జరిగేది. సంఘంలో ఒక డాక్టరమ్మ ఉండేది. వాళ్ళ నాన్నగారు బాపట్ల వైపు రైతు, ఆరు నెలలకని కూతురి దగ్గరికి వచ్చారు. ఆమెకు డ్యూటీ పడితే ఆయన్ని నేను తీసుకెళ్ళాను. ముందు సీట్లో, బైబిలు ఒళ్ళో పెట్టుకుని, మంకీక్యాపు కిందనుంచి రోడ్డు చూస్తూ కూర్చున్నారు. రెండు మైళ్ళు పోయాక అన్నారు:

“ఏమ్మా, నీ బండి ఎలపటికి లాగుతుందేంటి?”

“ఎటు లాగుతోంది బాబాయిగారూ?”

“ఎలపటికి. ఇటు.” తన పక్కనున్న తలుపు మీద తట్టారు.

“అది కుడి కదండీ?”

“మరి నేననేదేంది? కుడి అంటే ఎలపట, ఎడం అంటే దాపట. కాడికి ఈ పక్కది ఎలపటెద్దు, ఆ పక్కది దాపటెద్దు. ఏం తల్లీ, మీ ఊళ్ళో అరకలు లేవా?”

“మాది టౌనండీ,” అన్నాను.

“అదీ సంగతి. దాపటదాన్ని తీసుకెళ్ళి ఎలపట కట్టేవనుకో, ఇంకంతే, అరక సాగదు. దానికి తోడు ఎప్పుడూ ఎలపట పక్కనే గదా ఉండేది? లేకపోయినా ఆ పక్కకే లాగుతా ఉంటది. ఎన్ని దెబ్బలేసినా మానదు. పాపం, అది దాని తప్పు కాదు.”

లైటు పచ్చగా మారింది. వెనక కారు హారను కొట్టేదాకా నేను కదల్లేదు.

ఇంటికి వచ్చి, కోటు కూడా విప్పకుండా గోడ ముందు నిలబడ్డాను. ఎ. దా. ఎలపట. దాపట. నేను నవ్వి నవ్వించి ఆయన నోట్లోంచి తరిమేసిన కొట్టం ఇక్కడ, సుద్దముక్క రాతలో, ఐదేళ్ళుగా నాతోనే కాపురం ఉంది. రోజూ కారు దిగి దాని ముందునుంచే ఇంట్లోకి వెళ్ళాను. ఎమ్మే చదివినదాన్ని, రెండక్షరాలు చదవలేకపోయాను. చదివింది కూడా సరిగ్గా తలకిందులుగా చదివాను.

మర్నాడే వెళ్ళి చక్రాలు మార్పించానని రాయాలని ఉంది. వెళ్ళలేదు. సోమవారం లైబ్రరీలో పని ఎక్కువన్నాను. మంగళవారం మంచు అన్నాను. అలా పదకొండు రోజులు. కారణం తెలిసిపోయింది, మందు కూడా తెలుసు. అది దయ్యం కాదు, టైరు అరుగుదల. అయినా పొద్దున్నే స్టీరింగు మీద చెయ్యి వేసి, ఆ రెండు వేళ్ళ లాగుడు తగిలేదాకా ఊపిరి బిగబట్టేదాన్ని. తగిలితే, “ఆఁ, వచ్చారా,” అనేదాన్ని. చక్రాలు సరిచేయిస్తే అది కూడా పోతుంది. నా పిల్ల వెనక సీట్లో ఉందని తెలిసే చేశానిది. దీనికి నేను ఏ వాదనా పెట్టను.

పన్నెండో రోజు పొద్దున, మా వీధి చివర చెరువు వంపు దగ్గర, రోడ్డు మీద పలచగా గాజులా మంచు పట్టి ఉంది. బ్రేకు మీద కాలు పెట్టాను. కారు ముందు మెల్లగా కుడికి జరిగింది, తర్వాత మెల్లగా జరగటం మానేసింది. పోస్టు డబ్బా ఒకటి అద్దం పక్కనుంచి వెళ్ళిపోయింది. దాని వెనక గడ్డకట్టిన చెరువు. స్టీరింగు ఎటు తిప్పినా నా మాట వినటం లేదు. వెనకనుంచి మా అమ్మాయి అరిచింది.

నన్ను పిలవలేదు. “డాడీ, స్టాప్ ఇట్! డాడీ, ప్లీజ్!” అని అరిచింది.

కుడి చక్రం గట్టు మీది ఎండుగడ్డిలో దిగబడి కారు ఆగింది. చెరువు ఇంకో రెండు గజాలుంది. వెనక్కి తిరిగి చూస్తే, అది రెండు చేతులతో ముందు సీటు వీపు పట్టుకుని వెనక్కి లాగుతోంది. అందులో కూర్చున్న మనిషిని ఆపుతున్నట్టు.

నా కూతురికి తండ్రంటే భయం నేర్పింది నేను. బతికున్నప్పుడు దాన్ని గట్టిగా ఒక్క మాట అనని మనిషి ఆయన.

“అది డాడీ కాదమ్మా,” అన్నాను. “నేను తప్పు చదివాను. తప్పని తెలిశాక కూడా ఊరుకున్నాను.”

స్కూలు లేదు, లైబ్రరీ లేదు, అటునుంచి అటే టైర్ల షాపుకి వెళ్ళాం. కుడివి ఎడమకి, ఎడమవి కుడికి మార్చమన్నాను. అతను నవ్వాపుకుని, “చదవటం వచ్చన్నారు?” అన్నాడు.

“ఇంగ్లీషు వచ్చు,” అన్నాను.

తిరిగి వచ్చేటప్పుడు మా అమ్మాయిని ముందు కూర్చోమన్నాను. నన్ను, సీటును మార్చి మార్చి చూసి కూర్చుంది. పొడుగాటి తిన్నని రోడ్డు మీద, ముందూ వెనకా ఎవరూ లేనప్పుడు, స్టీరింగు మీదినుంచి చేతులు ఒక్క క్షణం తీశాను. కారు గీత గీసినట్టు తిన్నగా పోయింది. మూలుగు లేదు. సన్న టైర్లు మంచును కోసుకుని కిందకి దిగి, గట్టి నేలను పట్టుకుని, ఆయన చెప్పినట్టే, ఆయన లేకుండా, మమ్మల్ని ఇంటికి తీసుకొచ్చాయి. ఆగస్టులో నేను పూర్తి చేయని ఏడుపు గరాజులో కూర్చుని పూర్తి చేశాను. అమ్మాయి దిగి వెళ్ళలేదు, పక్కనే కూర్చుంది.

ఏప్రిల్‌లో చక్రాలు విప్పించి తెచ్చి గోడకి ఆనించాం. గోడ మీది అక్షరాలు అప్పటికే పలచబడ్డాయి. సండే స్కూలు డబ్బాలోంచి సుద్దముక్క తీసి, ఆయన గీతల మీదే మళ్ళీ దిద్దాను. ‘ఎ’ వంపు ఆయన తిప్పినట్టు రాలేదు.

“‘ఎ’ అంటే లెఫ్టా మమ్మీ?”

“కాదు. ఎలపట. అంటే కుడి.”

“బట్ ఎడమకి కూడా ‘ఎ’నే కదా. దట్ మేక్స్ నో సెన్స్.”

“వెళ్ళి మీ నాన్నతో వాదించు,” అన్నాను.

అది గోడ వైపు తిరిగి, నడుము మీద చేతులు పెట్టుకుని, నిజంగానే మొదలుపెట్టింది.