ఎండిన చెరువులో గాలాలు

ఈ ఉదయం రాయచెర్లు ఊరి దగ్గర ఒక లకుముకి పిట్ట సోలార్ పలక అంచున కూర్చుని, మెరిసే అద్దాన్ని నీళ్లనుకుందేమో, చేప కోసం తదేకంగా చూస్తూ కనిపించింది. నాకు మా చిన్నాయన గుర్తొచ్చాడు.

ఎండాకాలం చెరువు ఎండగానే, ఎప్పుడో దారం తెగి బురదలో ఉండిపోయిన పాత గాలాలను ఆయన నెర్రెల్లోంచి ఏరేవాడు. కాన్వెంటు సెలవుల్లో నేనూ వెంట నడిచేదాన్ని. కిరోసిన్‌తో తుప్పు తుడిచి, సీసపు గుండ్లతో, నీళ్లమీద తేలే నెమలి ఈకల బెండ్లతో పాటు పాలపొడి డబ్బాలో దాచేవాడు. అలాంటి డబ్బా మీ ఇంట్లోనూ ఉండేది కదా? మూత తీస్తే పాలపొడి తప్ప అన్నీ కనిపించేవి.

"నీళ్లే లేని ఊర్లో గాలాలేందప్పా? రేపు పెండ్లికూతురోళ్లు వస్తే ఇవే చూపిస్తావా?" అనేది అమ్మ.

"చెరువు నిండనీ వదినా. పులుసుకు చేపలు నువ్వే అడుగుతావు."

ఒకరోజు అమ్మ ఆ డబ్బాను పాత సామాన్ల బండికి వేసి బదులుగా ఎర్రగడ్డలు, అదే ఉల్లిపాయలు, తీసుకుంది. తెలియగానే చిన్నాయన సైకిలెక్కి మంగళవాడ దాకా బండి వెంట పోయాడు. చీకటి పడ్డాక డబ్బాతో తిరిగొచ్చాడు. సైకిలుకు డైనమో లైటు లేదు. అది బండివాడికిచ్చి డబ్బా విడిపించుకున్నాడట.

"పిచ్చి పట్టినాదేంది నీకు?" అంది అమ్మ.

"ఎర్రగడ్డలు ఉండనీలే వదినా, పులుసులోకి కావాల్ల కదా," అన్నాడు.

మా ఇంట్లో చేపలు తినేది అమ్మ ఒక్కతే.